ఇరవయ్యో పిన్ను మీద టేపు

ఆ గదిలో ఉన్నవి: పొడవాటి బల్ల ఒకటి, కుర్చీలు ఆరు, గోడకు వైఫై పెట్టె, దాని కింద పాస్‌వర్డు రాసి అతికించిన కాగితం, టీ గ్లాసులు నాలుగు, నేను తయారుచేసిన పద్నాలుగు పేజీల పత్రం రెండు ప్రతులు, పాత నల్ల లాప్‌టాప్ ఒకటి. ఉన్నవాళ్లం నలుగురం. ద్వారకానగర్‌లోని ఆ ట్రైనింగ్ సెంటర్ డైరెక్టరు, సెంటర్‌కి కావలసినవి కొనిపెట్టే ఆయన బావమరిది, అక్కడ పాఠాలు చెప్పడానికి చేరి ఐదు వారాలైన నేను, లాప్‌టాప్‌ని సిద్ధం చేసిన మనిషి.

ఆ నాలుగో మనిషి ఇప్పుడు లేడు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పోయిన నెలలో ఒక విద్యార్థి తన పాత లాప్‌టాప్ నా దగ్గరికి తెచ్చాడు. అది మ్యాక్ కాదు, అందులో మ్యాక్ ఓఎస్ వేయించుకున్నారు. కొత్త వెర్షన్ ఎక్కించాక వైఫై పోయిందన్నాడు. కొత్త వెర్షన్లు వైఫైని పట్టే పాత నెట్‌వర్క్ కార్డుల్ని గుర్తుపట్టడం మానేశాయి, కాబట్టి కారణం నాకు మూత తీయకముందే తెలుసు. అయినా తీశాను. కార్డు బయటికి లాగి తిప్పి చూస్తే, అడుగువైపు, పిన్నుల వరుసలోని గాడి దాటాక రెండో పిన్ను మీద తేనెరంగు టేపు ముక్క కనిపించింది. బియ్యపు గింజలో నాలుగో వంతు ఉంటుంది. కొస ఏటవాలుగా కోసి ఉంది.

ఆ కోత ఎవరిదో నాకు తెలుసు. అయినా అడిగాను.

"యారాడలో ఒకాయన చేశారు సార్. మా అన్నయ్య చేయించాడు. ముందు ఆయన దగ్గరికే వెళ్దామనుకున్నాం. పోయారంట కదా. రెండు నెలలైందంట."

నేను కార్డుని మళ్లీ దాని చోట పెట్టాను. టేపు కదల్లేదని రెండుసార్లు చూసుకున్నాను.

మద్దిలపాలెం డిపో పక్క సందులో ఒక మూడంతస్తుల భవనం మెట్ల కింద ఆయన కొట్టు ఉండేది. దానికి తలుపు లేదు, బోర్డు లేదు. ఒక బల్ల, ఒక దీపం, గోడకు కొట్టిన రెండు చెక్కలు. మెట్లు వాలుగా నెత్తిమీదికి దిగి ఉంటాయి కాబట్టి నిటారుగా కూర్చోవడం కుదరదు. లేచేటప్పుడు తల తగలకుండా ఎడమచెయ్యి నడినెత్తిన పెట్టుకుని లేచేవాడు. ఏళ్ల తరబడి అలా లేచి లేచి అది ఆయనకు అలవాటైపోయింది. ఎదురుగా టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నా, పైన ఆకాశం తప్ప ఏమీ లేకపోయినా, చెయ్యి నెత్తిన పెట్టుకునే లేచేవాడు. టీ కొట్టతను రోజూ అదే మాట అనేవాడు: "ఏటి బావా, ఆకాశం గాని తగులుద్దేటి?" ఆయన రోజూ అదే జవాబు చెప్పేవాడు: "తగిల్నాక సెప్పి ఏటి లాభం?"

ఆయన అందరినీ బావా అనేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. నేను అన్నా అంటే ఆయన నన్ను తమ్ముడూ అనాలి, ఆయన బావా అంటే నేనూ బావా అనాలి. మా వరుస లెక్కప్రకారం కుదరదని ఒకసారి చెప్పాను.

"నీకు అన్నీ కుదరాల. వరస కుదరకపోతే కార్డు పనిసెయ్యదేటి?" అన్నాడు.

ఆయనది యారాడ, కొండ అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తండ్రి, తాత, అన్నదమ్ములు అందరూ చేపల వేటకు వెళ్లేవాళ్లే. ఈయనకు మాత్రం పడవెక్కితే వాంతులు. "సేపలోల్లింట్లో పుట్టి సముద్రం సూత్తే కక్కుకునే ఎదవని నానొక్కన్నే బావ. మా నాన్న నన్ను మూడుసార్లు తీసుకెల్లాడు. మూడోసారి పడవలో మిగిల్నోలు మా నాన్నకి దండం పెట్టి, ఈడ్ని గట్టుమీదే వదిలెయ్ అనేసారు." అలా గట్టు మీద మిగిలి, హార్బర్‌లో బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఒకాయన దగ్గర పని నేర్చుకున్నాడు. కట్టేసిన బోటు ఎక్కినా తిప్పుతుందని, సెట్టు ఊడదీసి గట్టు మీదికి తెమ్మనేవాడట. అక్కడి నుంచి రేడియోలు, సెల్‌ఫోన్లు, తర్వాత లాప్‌టాప్‌లు.

బహుశా ఆ హార్బర్ వల్లే, ఏ మిషన్ విప్పినా ముందు వాసన చూసేవాడు. ముక్కు దాదాపు బోర్డుకి ఆనించి, కళ్లు మూసుకుని, ఒకే ఒక్క పీల్పు. తర్వాత వేలితో ధూళి తీసి దీపం కింద చూసి, అది ఎక్కడ బతికిన లాప్‌టాపో చెప్పేవాడు. బూడిదరంగు సన్న పొడి ఉంటే థర్మల్ కేంద్రం ఉన్న పరవాడ వైపు, ఎర్రటిదైతే ఇనుప ఖనిజం ఎగుమతయ్యే పోర్టు వైపు, పిన్నుల మీద పచ్చటి చిలుము పడితే సముద్రానికి ఎదురిల్లు. నేను లెక్కపెట్టాను. నా ఎదుట చెప్పిన పద్దెనిమిదింటిలో పదహారు సరిపోయాయి. తప్పిన రెండింటిలో ఒకటి ఇల్లు మారిన వాళ్లది.

మూత తీయడానికి ముందు రెండు ప్రశ్నలు అడిగేవాడు. "ఆకరిసారి ఎప్పుడు పనిసేసింది?" ఇది మొదటిది. "ఆ తరవాత నువ్వేటి సేసావు?" ఇది రెండోది. రెండో దానికి దాదాపు అందరూ ఒకే జవాబిచ్చేవాళ్లు. ఏమీ చేయలేదు అని. అప్పుడు ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు కట్టుకుని, కస్టమర్ ముఖంలోకి నవ్వుతూ చూసేవాడు. "ఏటీ సెయ్యనేదంటే ఏదో సేసినట్టే. సెప్పు బావ, నానేటి మీ ఆవిడతో సెప్తానా?" నూటికి తొంభైమంది అక్కడ చెప్పేసేవాళ్లు. నీళ్లు ఒలికాయనో, పిల్లాడు కింద పడేశాడనో, ఏదో నొక్కితే అప్‌డేట్ అయిపోయిందనో.

నేను ఆయన దగ్గరికి మొదట వెళ్లింది ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో. ఫోన్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకోవాలంటే మ్యాక్ కావాలి, కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి సంపాదించి, ఇంటర్నెట్‌లో చదివి మ్యాక్ ఓఎస్ ఎక్కించాను. అన్నీ పనిచేశాయి, నెట్‌వర్క్ కార్డు తప్ప. పదకొండు రోజులు ప్రయత్నించాను. ప్రయత్నించినవన్నీ వరుసగా నంబర్లు వేసి రాసిన నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. ఆయన మూసిన బుక్కుని చేత్తో తూచి, "నీకు కార్డు మీద కోపమా, ప్రేమా?" అన్నాడు.

నా లాప్‌టాప్‌లో ఉన్న కార్డుకి మ్యాక్ ఓఎస్‌లో డ్రైవర్ లేదు. అది తీసేసి, మ్యాక్‌లలో వాడే చిప్పు ఉన్న కార్డు పెట్టాలి. పెడితే లాప్‌టాప్ మొండికేసింది. కొన్ని పాత మోడళ్లు తమ జాబితాలో లేని కార్డు కనిపిస్తే తెల్ల అక్షరాల్లో ఒక హెచ్చరిక చూపించి అక్కడే ఆగిపోతాయి. ఆయనకు ఇంగ్లిష్ అంతగా రాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "అత్తారిల్లు బావ ఇది. కొత్త కోడల్ని గుమ్మంకాడే ఆపేసింది" అన్నాడు. రెండు రోజుల తర్వాత, జాబితాలో ఉండి, మ్యాక్‌కీ సరిపడే కార్డు ఎక్కడి నుంచో తెచ్చాడు. యాంటెన్నా తీగలు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో కాకుండా చిటికెనవేలి గోటితో నొక్కేవాడు. అందుకోసమే ఆ ఒక్క గోరు పెంచాడు. నొక్కేముందు నన్ను వంగమన్నాడు. "టిక్కుమంటాది, ఇను. ఇనపడకపోతే పడనట్టే." వినపడింది.

ఆన్ చేశాక చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. పెళ్లికి వచ్చిన చుట్టాల్ని చూసినట్టు ఆయన ఒక్కో పేరూ పైకి చదివాడు. "సూడు, ఎంతమంది వచ్చేరో!" ఏ మిషన్ బాగైనా ఆ పేర్లు పైకి చదవకుండా కస్టమర్‌కి ఇచ్చేవాడు కాదు.

ఆ లాప్‌టాప్ మీద నేర్చుకున్న పనే నాకు సెంటర్‌లో ఉద్యోగం తెచ్చింది.

సెంటర్‌లో యాప్ తయారీ కోర్సు మొదలుపెట్టాలనుకున్నారు. మ్యాక్‌లు కొనలేమన్నారు. పాత లాప్‌టాప్‌లు ఇరవై నాలుగు కొని, వాటిలో మ్యాక్ ఓఎస్ వేసి, సంవత్సరం పాటు చూసుకునే మనిషి ఉన్నాడని నేనే డైరెక్టర్ గారికి చెప్పాను. అలా వేయడం ఆ ఓఎస్ తయారుచేసిన వాళ్లు ఒప్పుకోని పని. అది నేను చెప్పలేదు. ఒకటి సిద్ధం చేసి చూపించమన్నారు.

ఆయనకు ఆ ఆర్డర్ ఎంత అవసరమో నాకు తెలుసు. మెట్ల కింద బైకులు పెట్టుకుంటాం, నెలాఖరుకి ఖాళీ చెయ్యమని భవనం యజమాని చెప్పేశాడు. అదే భవనంలో రోడ్డు వైపు షట్టరు కొట్టు ఒకటి ఖాళీగా ఉంది. నిలకడైన పని ఉన్నట్టు ఏదైనా కాగితం చూపిస్తే అది ఈయనకే ఇస్తానన్నాడు. సెంటర్ ఆర్డరే ఆ కాగితం. ఒక మధ్యాహ్నం ఆయన నన్ను ఆ ఖాళీ కొట్టులోకి తీసుకెళ్లి, మధ్యలో నిలబడి, రెండు చేతులూ పైకి చాపాడు. పైకప్పు అందలేదు. మళ్లీ చాపి చూసుకున్నాడు.

చూపించాల్సిన రోజుకి ముందు సాయంత్రం లాప్‌టాప్ నా చేతికిచ్చాడు. అది నాదానికంటే పాతది, పక్కన వైఫైకి స్విచ్చి ఉన్న రకం. నా ఎదుటే వైఫై ఆన్ చేసి, పేర్లన్నీ చదివి, మూసి ఇచ్చాడు.

"డైరెక్టర్ గారికి వివరాలతో ఒక పత్రం తయారుచేస్తాను అన్నా. లోపలి భాగాల ఫొటోలు తీసుకుంటాను."

"కాగితం నువ్వు సెయ్యి బావ, అది నాకు రాదు. మూత తీత్తే తియ్యి గాని, లోపల ఎలగుందో అలగే ఉంచు."

ఇంటికి వెళ్లి మూత తీశాను. ఫొటోలు తీశాను. కార్డుని కూడా లాగి రెండువైపులా తీద్దామనుకున్నాను. అడుగువైపు టేపు ముక్క కనిపించింది. దాని అంచున కొంచెం ధూళి అంటుకుని ఉంది. నా మొదటి ఆలోచన యథాతథంగా రాస్తున్నాను: చదువుకోని పని ఇలాగే ఉంటుంది. ఎక్కడిదో టేపు పిన్నుల మీద పడితే చూసుకోలేదు అనుకున్నాను. పట్టకారుతో పీకి చెత్తబుట్టలో వేశాను. తర్వాత మాకు లాబ్‌లో నేర్పినట్టు పిన్నులన్నిటినీ పెన్సిలు రబ్బరుతో రుద్ది తళతళలాడించాను. ఫొటో తీశాను. పత్రంలో తొమ్మిదో పేజీలో ఆ ఫొటో పెట్టి కింద రాశాను: కార్డు అడుగు భాగం, శుభ్రం చేసిన తర్వాత.

అన్నీ బిగించి పరీక్షించాను కూడా. నా గదిలో ఇంటర్నెట్ గోడలోంచి వచ్చే కేబుల్ ద్వారా. కేబుల్ గుచ్చాను, పేజీలు తెరుచుకున్నాయి, సరిగ్గా ఉందని రాసుకున్నాను. నేను పరీక్షించింది ఇంటర్నెట్‌ని. కార్డుని కాదు.

మర్నాడు ఆ గదిలో డైరెక్టర్ గారు నా పత్రం తిరగేస్తూ, "వైఫై ఆన్ చేసి మన సెంటర్ పేజీ తెరవండి, చాలు" అన్నారు.

ఆయన నొక్కాడు. తెర మీద బొత్తాం ఇటు జరిగి, మళ్లీ దానంతటదే అటు పడిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ పడింది. లాప్‌టాప్ పక్కనున్న స్విచ్చి వేసి తీసి మూడోసారి నొక్కాడు.

"ఏంటయ్యా, నెట్ కూడా మీ యారాడ కొండెక్కి దిగి రావాలా?" అన్నాడు డైరెక్టర్ బావమరిది.

"వత్తాది బావ, తొందరపడకు."

"నాకు బావ ఒక్కడే. అదిగో, ఆ కుర్చీలో కూర్చున్నారు."

డైరెక్టర్ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

మూడోసారి బొత్తాం పడిపోయినప్పుడే నాకు తెలిసిపోయింది. ఎప్పుడో ఇంటర్నెట్‌లో ఒక ఫోరంలో చదివి మరిచిపోయిన వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. ఆ కార్డులకు రెండువైపులా కలిపి యాభై రెండు పిన్నులు. ఇరవయ్యో పిన్ను కార్డులోని వైఫై రేడియోని ఆపే ఆజ్ఞ తెచ్చేది. ఆ ఆజ్ఞ ఎత్తేయడం మ్యాక్ ఓఎస్‌కి చేతకాదు, కాబట్టి కొన్ని పాత లాప్‌టాప్‌లలో కార్డు ఎప్పటికీ ఆగిపోయే ఉంటుంది. ఆ ఒక్క పిన్ను మీద టేపు వేస్తే ఆజ్ఞ అందదు, కార్డు పనిచేస్తుంది. గాడి దాటాక రెండోది ఇరవయ్యో పిన్ను.

ఆయన నావైపు తిరిగాడు. గొంతులో ఏ తేడా లేదు, ఏ కస్టమర్‌ని అడిగినా అలాగే అడుగుతాడు.

"నిన్న నీకిచ్చినప్పుడు పనిసేసింది. ఆ తరవాత నువ్వేటి సేసావు బావ?"

"ఏమీ చేయలేదు" అన్నాను.

ఆయన చేతులు కట్టుకోలేదు, నవ్వలేదు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పాడు. మరలు ఒక్కొక్కటే టీ గ్లాసు చుట్టూ గుండ్రంగా పెట్టాడు. కార్డు లాగి తిప్పాడు. పిన్నులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వాటి అంచున, గులాబీరంగు రబ్బరు పొట్టు చిన్నది ఒకటి అంటుకుని ఉంది. నాకు కనిపించింది. ఆయనకూ కనిపించింది. నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఎంతసేపో నేను చెప్పలేను, ఏదైనా కొలిచి చెప్పడం నా అలవాటే అయినా. తర్వాత కార్డుని నోటి దగ్గర పెట్టుకుని ఆ పొట్టుని ఊదేశాడు.

"నాదే పొరపాటు సార్. ఇక్కడొక టేపు ఎయ్యాల. మర్సిపోనాను."

బల్ల మీద నా పత్రం ఆరో పేజీ దగ్గర తెరిచి ఉంది. ఇంకో మూడు పేజీలు తిప్పితే ఫొటో. డైరెక్టర్ గారి వేలు ఆరో పేజీ మీదే ఉంది. నేను ఆ వేలునే చూస్తూ కూర్చున్నాను.

ఆయన టేపు చుట్ట తీసి, ఏటవాలుగా కోసి, ఊపిరి బిగబట్టి అతికించి, అన్నీ బిగించాడు. వైఫై వచ్చింది. పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఆ రోజు ఆయన వాటిని పైకి చదవలేదు.

"పనిచేసింది, సంతోషం" అన్నారు డైరెక్టర్ గారు. "కానీ ఒక్క మిషన్ చూపించడానికి వచ్చి మర్చిపోయావు. ఇరవై నాలుగు మిషన్లు, పిల్లలు వాడేవి. వద్దులే, ఏమీ అనుకోకు."

తర్వాత నావైపు తిరిగి, "మీరు తెచ్చిన మనిషి కదా అని చూశాను" అన్నారు.

"సారీ సార్" అన్నాను. ఆయన తరఫున క్షమాపణ చెప్పాను.

కిందికి దిగాక ఆయన టీ తాగుదామన్నాడు. తాగాం. ఎండ గురించి మాట్లాడాడు. సంచీ పట్టీ తెగేలా ఉంది, కుట్టించాలన్నాడు. ఆ గదిలో ఏం జరిగిందో నన్ను అడగలేదు. అడిగితే చెప్పేసేవాణ్ణని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ గదిలో ఆయన అడిగాడు, నేను చెప్పలేదు. కాబట్టి ఆ వాదన నిలవదు. ఉద్యోగం కొత్త, పోతుందేమోనన్న భయం ఉంది. అది కారణమే. సగం కారణం. మిగతా సగం, చదువుకోని పని అనుకున్న నేను, ఆ పని చెడగొట్టింది చదువుకున్న నా చెయ్యేనని ఇంకొకరి ముందు ఒప్పుకోలేకపోవడం.

యజమాని పెట్టిన గడువు ప్రకారం నెలాఖరుకి ఆయన మెట్ల కింద ఖాళీ చేశాడు. సామాను యారాడ తీసుకెళ్లి ఇంటి వసారాలో బల్ల వేసుకున్నాడు. లాప్‌టాప్ పట్టుకుని మద్దిలపాలెం నుంచి కొండ దాటి అంత దూరం ఎంతమంది వెళ్తారు? వెళ్లలేదు. కొన్నాళ్లకు మళ్లీ హార్బర్‌లో సెట్లు బాగుచేసే పనికి వెళ్లాడు. ఇప్పుడు ఊడదీసి గట్టు మీదికి తెచ్చిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. బోటు ఎక్కే పనిచేసేవాడు. కాసేపు చేసి, దిగి, గట్టు మీద తల వంచుకుని కూర్చుని, మళ్లీ ఎక్కేవాడు. ఒకసారి నేను వెళ్లినప్పుడు అలాగే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "కడుపులో ఏటీ నేదు బావ, అయినా బయటికొత్తానంటాది" అని నవ్వాడు. లేచేటప్పుడు చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు.

సెంటర్‌లో ఇంకెవరో చేసిన లాప్‌టాప్‌లు వచ్చాయి. వాటి నెట్‌వర్క్ కార్డులు మొండికేస్తే ఏం చేయాలో తెలియక నేను ఆయన దగ్గరికే వెళ్లేవాణ్ణి. ఆయన చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. ఏ కార్డు ఏ లాప్‌టాప్ ఒప్పుకుంటుందో, కార్డు కనపడుతూ నెట్ రాకపోతే పాత నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చెరిపి మొదటి నుంచి ఎలా వరుస పెట్టాలో, ఏ మోడల్‌కి టేపు కావాలో. టేపు మాట వచ్చినప్పుడు ఆయన కళ్లు బల్ల మీదే ఉండేవి. నావి నోటుబుక్కు మీద ఉండేవి.

ఒక ఆదివారం వాళ్లింట్లోనే భోజనం పెట్టారు. ఆయన నన్ను బావా అంటాడు కాబట్టి ఆయన భార్య తమ్ముడూ అని పిలిచింది, పదో తరగతి చదివే కూతురు మావయ్యా అంది. ఆ ఇంట్లో వరుసలన్నీ కుదిరాయి. వంజరం చేపల పులుసు వడ్డిస్తూ ఆవిడ అంది:

"ఆ సెంటరు పని ఈయన మతిమరుపు వల్లే పోయిందంట గదా తమ్ముడూ. టేపు ఎయ్యడం మర్సిపోతారేటి ఎవులైనా? అన్నం తినడం మర్సిపోతావేటని ఆ పొద్దు నుంచీ అడుగుతన్నాను."

కూతురు పరుగెత్తి వెళ్లి తేనెరంగు టేపు చుట్ట తెచ్చి, కొంచెం చింపి తండ్రి చూపుడువేలికి చుట్టింది. అది వాళ్లింట్లో రోజూ జరిగే ఆటట. ఉప్పు తెమ్మన్నా, కరెంటు బిల్లు కట్టమన్నా, మర్చిపోతాడని ముందు వేలికి టేపు చుట్టేవాళ్లు.

"మర్సిపోకు నాన్నా, మావయ్యకి ఇంకో ముక్క ఎయ్యాల!"

"ఔనే, మతిమరుపే. నాను ఒప్పేసుకున్నాను గదా" అన్నాడు ఆయన. టేపు చుట్టిన వేలు ఎత్తిపెట్టి మిగతా వేళ్లతో అన్నం కలుపుకున్నాడు. నావైపు చూడలేదు. నేను చేప ముళ్లు తీసుకుంటూ తిన్నాను. ఇంకో ముక్క వేయించుకున్నాను కూడా.

విద్యార్థి చెప్పిన తర్వాతి ఆదివారం నేను యారాడ వెళ్లాను. ఆయన హార్బర్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని పడుకున్నాడట, లేవలేదట. గుండె అన్నారు. వసారాలో బల్ల అలాగే ఉంది. చెక్క మీద మందుల కవర్లు వరుసగా ఉన్నాయి. కస్టమర్ల పాత కార్డులు వాటిలో వేసి, పైన పేరు రాసి దాచేవాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుంది. ఇంటర్ చదువుతున్న కూతురు గోడకు ఆనుకుని నిలబడింది.

ముందుగా రాసుకుని వెళ్లలేదు. ఉన్నది ఉన్నట్టు వరుసగా చెప్పాను. టేపు నేనే పీకానని, ఆ గదిలో ఆయన నన్ను అడిగితే ఏమీ చేయలేదన్నానని, ఆయనకు తెలిసి కూడా తన మీద వేసుకున్నాడని.

 ఆవిడ కొంగు చివర చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత నాతో కాదు, బల్లతో అన్నట్టు అంది:

"మరి మేమిన్నాల్లూ ఆడిపోసుకున్నాం గదా. రోజూ ఆడిపోసుకున్నాం గదా."

 కూతురు గోడ దగ్గర నుంచి కదల్లేదు. మావయ్యా అనలేదు.

"ఆ గదిలోంచి వచ్చీసిన తరవాత, నాన్నని మీరు ఎన్నిసార్లు కలిసారు?"

లెక్కపెట్టాను. హార్బర్ దగ్గర ఆరు. ఈ ఇంట్లో మూడు. మద్దిలపాలెం బస్సు స్టాపులో రెండు.

"పదకొండు" అన్నాను.